తోటి రచయిత పేరు పేపర్లో పడితే కడుపు మండుతోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ ఏలూరు రోడ్డుకి దగ్గర్లో ఒక డీటీపీ సెంటర్లో పని చేస్తాను. ఊళ్ళోవాళ్ళవీ, గుంటూరు, తెనాలి, బందరు నుంచి వచ్చేవాళ్ళవీ కథలు, కవితలు, నవలలు కంపోజ్ చేసి పేజీలు పెడతాను. నేనూ కథలు రాస్తాను. ప్రూఫులు దిద్దుకోవడానికి వచ్చి కూర్చున్నవాళ్ళు టీ వచ్చేలోపు ఇంకొకరి పుస్తకం గురించి ఒక ప్రశ్న వేస్తారు. పైకి అది కాగితం గురించో, ధర గురించో ఉంటుంది. లోపల సంగతి వేరు. అలా మళ్ళీ మళ్ళీ విన్నవాటికి ఇక్కడ జవాబులు రాశాను. పేర్లు లేవు కాబట్టి ఎవరూ భుజాలు తడుముకోనక్కర్లేదు.

తోటి రచయితకి బహుమతి వస్తే నాకు లోపల ఎక్కడో కలుక్కుమంటోంది. నేను చెడ్డమనిషినా?

కాదు. రాసేవాళ్ళకి ఇది కొత్త జబ్బేమీ కాదు. మన పాత కావ్యాల్లో దీనికి ఏకంగా ఒక సీటు రిజర్వ్ చేసి పెట్టారు. కావ్యం మొదట్లో ఇష్టదేవతా స్తుతి, తర్వాత పూర్వకవి స్తుతి, ఆ వెనకే కుకవి నింద. పొగడ్తలన్నీ పోయినవాళ్ళకి, తిట్లేమో ఉన్నవాళ్ళకి! పోయినవాళ్ళని పొగడటానికి ఎవరికీ ఏమీ అడ్డురాదు. వాళ్ళు వచ్చే సంక్రాంతి పోటీకి కథ పంపరు కదా.

20వ శతాబ్దం మొదట్లో తిరుపతి వేంకట కవులకీ కొప్పరపు సోదర కవులకీ మధ్య గుంటూరు ప్రాంతంలో నడిచిన పేచీల గురించి ఇప్పటికీ పెద్దవాళ్ళు చెప్పుకుంటారు. రెండు జంటలూ సభలో నిలబడి అలవోకగా పద్యం చెప్పగల ఉద్దండులే. ప్రతిభ ఉన్నవాడికి ఓర్వలేనితనం ఉండదనుకోవడం మన అమాయకత్వం.

నోబెల్ వచ్చినవాళ్ళ మీద నాకేమీ లేదు. మా వీధి చివర ఉండే ఆయన మీదే ఎందుకిలా?

లియాన్ ఫెస్టింజర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1954లో దీని మీద ఒక సిద్ధాంతం ప్రతిపాదించాడు. మనిషి తన స్థాయి ఏపాటిదో తేల్చుకోవడానికి తనలాంటివాళ్ళ వైపే చూస్తాడనీ, అందనంత దూరంలో ఉన్నవాళ్ళతో పోల్చుకోడనీ ఆయన అన్నాడు. అందుకే నోబెల్ వార్త చదువుతూ హాయిగా టీ తాగుతాం. అదే అరండల్‌పేటలో మన వెనక వీధి ఆయన ఫొటో జిల్లా ఎడిషన్‌లో పడిందా, ఆ టీ చేదెక్కుతుంది. ఒకే ఊరు, ఒకే వయసు, ఒకే పత్రిక, ఒకే రకం కథ. ఇన్ని కలిసినచోటే మంట.

కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారానికి వయసు 35 దాటకూడదు. 70 ఏళ్ళ పెద్దాయన ఆ ప్రకటన చూసి పేజీ తిప్పేస్తారు, ఆయనకి దానితో పనే లేదు. మొన్నమొన్నే 36 వచ్చినవాళ్ళు చదివేటప్పుడు ముఖం చూడాలి.

దీనిలో మీరు గమనించని మంచి ఒకటుంది. మీకు ఎవరి మీద మండుతోందో వాళ్ళ వరసలోనే మిమ్మల్ని మీరు కూర్చోబెట్టుకున్నారు. అంటే మీ రాత మీద మీకు మీరు ఒప్పుకునేదాని కంటే ఎక్కువ నమ్మకమే ఉంది.

సరే, తగ్గాలంటే ముందు ఏం చేయాలి?

ముందు ఆ మంట దేని మీదో తేల్చుకోండి. శాలువా మీదా, వాక్యం మీదా? ఈ పేజీలో నేను చెప్పదలచుకున్నది దాదాపు ఇంతే.

శాలువా అంటే సభ, దండ, మెమెంటో, పేపర్లో ఫొటో, పురస్కారం, రెండో ముద్రణ, ఫలానా పెద్దాయన రాసిన ముందుమాట. వాక్యం అంటే అట్ట తిప్పాక లోపల ఉన్నది. రెండిటికీ ఒకేలా మండుతుంది కాబట్టి ఒకటే అనుకుంటాం. విడదీయాలంటే ఆ పుస్తకం కొని తెచ్చుకోండి. ఒక నలభై పేజీలైనా చదవండి. 'ఇదే పుస్తకం నా పేరు మీద అచ్చయి ఉంటే సంతోషంగా సంతకం పెట్టి పంచుతానా?' అని అడగండి. పంచను అంటే మీకు కావలసింది శాలువా. పంచుతాను అంటే వాక్యం. చదవకుండానే మండుతుంటే అడగను కూడా అక్కర్లేదు, శాలువానే.

శాలువా మంట వివరాలు తెలిస్తే చాలావరకు చల్లారుతుంది. తెలుగులో కథల పుస్తకాలు ఎక్కువ భాగం రచయిత సొంత డబ్బుతోనే వస్తాయి. మూడొందలో, ఐదొందలో కాపీలు. అమ్మిపెట్టేవాళ్ళ కమీషన్ పోను చేతికొచ్చేది తక్కువ, ఉచితంగా ఇచ్చేవి ఎక్కువ. ఆవిష్కరణ సభకి హాలు అద్దె, మైకు, టిఫిన్లు కూడా రచయితవే. తనకి కప్పే శాలువా తనే కొని నిర్వాహకుడి చేతికి ముందే ఇచ్చి ఉంచినవాళ్ళు నాకు తెలుసు. మీరు వెనక వరసలోంచి చూసినప్పుడు ఇవేవీ కనిపించవు.

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు తన కథల సంపుటి పని మీద వస్తుండేవారు. ఒకరోజు నా స్క్రీన్ మీద వేరొకరి పుస్తకం అట్ట ఉంది, కింద 'ద్వితీయ ముద్రణ' అని. ఆ రాసిన కుర్రాడు పక్క కుర్చీలోనే ఉన్నాడు.

"రెండో ముద్రణా! ఎన్ని వేయిస్తున్నావు నాయనా?"

"రెండొందలండీ మాస్టారూ."

"మొదటిసారి ఎన్ని?"

"మూడొందలండీ. అందులో ఓ వంద మా అక్క కూతురి పెళ్ళిలో రిటర్న్ గిఫ్ట్ కింద ఇచ్చేశాం."

మాస్టారి భుజాలు కాస్త కిందికి దిగడం నేను చూశాను. కుర్రాడికీ కలిపి టీ తెప్పించారు. శాలువా గొడవ అక్కడితో తీరిపోయింది.

తర్వాత ఆ కుర్రాడి ప్రూఫు కాగితాలు ఊరికే చేతిలోకి తీసుకుని చదవడం మొదలెట్టారు. ఒక కథలో తండ్రిని శ్మశానానికి తీసుకెళ్ళిపోయాక, ఇంట్లో అందరూ వసారాలో ఉంటే, తల్లి పెరట్లో కూర్చుని పొద్దున మాడిపోయిన పాలగిన్నె తోముతూ ఉంటుంది. ఆ పేజీ దగ్గర ఆయన ఆగిపోయారు. టీ చల్లారిపోయింది. "ఏడ్చింది అని ఎక్కడా రాయలేదేం?" అన్నారు, ఎవరినీ అడిగినట్టు కాదు. ఆ రోజు తన ప్రూఫులు దిద్దకుండానే సంచిలో పెట్టుకుని గుంటూరు బస్సెక్కారు. కొన్నాళ్ళకి తిరిగి తెచ్చినప్పుడు ఒక కథ చివరి రెండు పేజీలు అడ్డంగా కొట్టేసి ఉన్నాయి. వాటి మీద చేత్తో రాసిన కొత్త కాగితాలు పిన్ను కొట్టి ఉన్నాయి. నాకు టైపింగు పని పెరిగిందనుకోండి, అది వేరే సంగతి.

నాది వాక్యం మంటే. ఆ మనిషిలా నేను రాయలేను అనిపిస్తోంది. ఏం చేయను?

మీరు అదృష్టవంతులు. ఇది పనికొచ్చే మంట.

మిమ్మల్ని కుదిపేసిన ఘట్టాన్ని ఒక నోట్‌బుక్‌లో చేత్తో ఎత్తి రాసుకోండి. ఎక్కడా పంపడానికి కాదు సుమా, మీకోసం. కళ్ళతో చదివితే జారిపోయేవి చేత్తో రాస్తే తగులుతాయి. వాక్యం ఎక్కడ ఆగింది, ఎవరు నోరు విప్పారు, ఎవరు విప్పలేదు, మనం తప్పకుండా రాసి ఉండేది ఏది ఆయన వదిలేశారు. రోజంతా ఇతరుల పుస్తకాలు టైప్ చేసే నాకు దొరికిన చదువంతా ఇదే. పేరా మధ్యలో ఒక్కోసారి వేళ్ళు వాటంతటవే ఒక మాట కొట్టేస్తాయి, రాతప్రతిలో చూస్తే అక్కడ ఇంకో మాట ఉంటుంది, నాదానికన్నా మంచిది.

16వ శతాబ్దంలో పింగళి సూరన రాసిన కళాపూర్ణోదయం కావ్యంలో నారదుడి సంగతి ఇలాంటిదే. విష్ణువు కొలువులో తుంబురుడి గానానికి దక్కిన సన్మానం నారదుడికి మింగుడు పడలేదు. దేవర్షి, ముల్లోకాలూ తిరిగేవాడు, ఆయనకే తప్పలేదు! అయితే ఆయన చేసిన పని చూడండి. శిష్యుడు మణికంధరుణ్ణి వెంటబెట్టుకుని ద్వారకకి వెళ్ళి, కృష్ణుడి అంతఃపురంలో జాంబవతి దగ్గర, సత్యభామ దగ్గర, రుక్మిణి దగ్గర వరసగా సంగీతం నేర్చుకున్నాడు. అంతటివాడు మళ్ళీ మొదటి నుంచి విద్యార్థి అయ్యాడు. అసూయ పోయాక నేర్చుకుందాంలే అని ఆగలేదు, దాన్ని వెంటబెట్టుకునే వెళ్ళి కూర్చున్నాడు.

మనసులో లేకపోయినా 'అభినందనలు' అని పెట్టాలా?

పెట్టండి. అది మర్యాద, అబద్ధం కాదు. పెళ్ళికి వెళ్ళి అక్షింతలు వేసేటప్పుడు వధూవరుల జాతకాలు మనకి నచ్చాయా అని చూసుకోం కదా. అయితే గ్రూపులో అందరి కిందా ఒక దండం బొమ్మ పెట్టి చేతులు దులుపుకోకుండా, విడిగా రెండు ముక్కలు రాయండి. చదివి ఉంటే ఏ ఘట్టం నచ్చిందో చెప్పండి. చదవకపోతే 'చదువుతాను' అనకండి, ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారు.

ఎంతకీ చేయి రాకపోతే ఆ రోజుకి వదిలేయండి. అర్ధరాత్రి రాసే వ్యంగ్య వ్యాఖ్య మాత్రం వద్దు. పొద్దున్నకి మీరు తీసేసినా ఎవరి ఫోన్‌లోనో స్క్రీన్‌షాట్ ఉంటుంది.

గుంటూరులో ఉంటాను, గృహిణిని. మా అపార్ట్‌మెంట్‌లోనే ఉండే ఫ్రెండ్ ప్రతిలిపి యాప్‌లో సీరియల్ రాస్తే లక్షల్లో చదివారట. నా కథకి 40 మంది. నాలో ఏం లోపం?

లోపం లెక్కలో ఉంది. భాగానికి ఒక చదువు చొప్పున కూడితే, వంద భాగాల సీరియల్‌ని వెయ్యిమంది చివరిదాకా చదివినా అంకె లక్షకి చేరుతుంది. మీ కథ ఒక్క భాగం. ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టడమే తప్పు.

ఇక రెండో మాట, కాస్త కటువుగా ఉంటుంది. ఆవిడ వంద భాగాలు రాశారు. పిల్లల్ని స్కూలుకి పంపి, మధ్యాహ్నం కునుకు మానుకుని, కరెంటు పోయినా ఫోన్‌లోనే టైప్ చేసి, 'తర్వాతి భాగం ఎప్పుడక్కా' అని అడిగేవాళ్ళకి రోజూ జవాబిచ్చి. మీకు సీరియల్ రాయాలని ఉందా? ఉంటే ఆ అపార్ట్‌మెంట్‌లోనే గురువు దొరికింది, సాయంత్రం వెళ్ళి అడగండి. లేదూ, మీకు చిన్న కథే ఇష్టమైతే, ఆ అంకె మీ ఆటలోది కాదు. ఆ 40 మందిలో ఎవరైనా రెండు వాక్యాలు రాశారేమో చూడండి. మా సెంటర్‌కి వచ్చే కథకుల్లో ఎన్నేళ్ళుగా రాస్తున్నా ఒక్క పాఠకుడి ఉత్తరం కూడా అందనివాళ్ళున్నారు.

దిష్టి తీయించుకుంటే పోతుందా?

దిష్టి ఎదుటివాళ్ళది మనకి తగిలితే తీయిస్తారు. మనది మనమే తీయించుకోవాలంటే ఎన్ని నిమ్మకాయలు కావాలో నాకు తెలియదు.

ప్రతిదీ కుళ్ళేనా? నిజంగానే అన్యాయం జరగదా?

ఎందుకు జరగదు! అడిగిన ప్రతివాడికీ 'నీది కుళ్ళు' అని ముద్ర వేస్తే అన్యాయం చేసేవాళ్ళకి అంతకన్నా సుఖం లేదు.

గుర్రం జాషువా మన వినుకొండ మనిషి. ఆ ఊళ్ళోనే ఒక అవధాన సభలో ఆయన పద్యాలు చదివితే, తక్కువ కులంవాణ్ణి సభలోకి ఎలా రానిచ్చారని గొడవ చేశారు. సభలో గౌరవం దక్కినవాళ్ళని చూసి ఆయనకి కలిగిన బాధని అసూయ అని ఎవరైనా అనగలరా? 1941లో వచ్చిన గబ్బిలం కావ్యంలో ఆయన కాశీలో ఉన్న శివుడికి గబ్బిలంతో విన్నపం పంపించారు. గుళ్ళోకి మనిషికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. ఫలానా కవికి పేరొచ్చిందే అన్న ఏడుపు అందులో వెతికినా దొరకదు. ఆయన తగువు కుల వ్యవస్థతో.

మీది ఏదో తేల్చుకోవడానికి ఒక ప్రశ్న చాలు. ఇదే బహుమతి ఇదే పద్ధతిలో మీ ప్రాణస్నేహితుడికి వచ్చి ఉంటే, అప్పుడూ తప్పు పట్టేవారా? పట్టేవాణ్ణి అంటే అది న్యాయమైన ఫిర్యాదు. అచ్చయిన పాత కథనే 'ఎక్కడా ప్రచురితం కాలేదు' అని హామీపత్రం రాసి పంపారా? న్యాయనిర్ణేత ఇంట్లోవాళ్ళకే బహుమతి వెళ్ళిందా? నియమాల్లో ఏది తప్పారో చూపించి నిర్వాహకులకి సంతకంతో ఉత్తరం రాయండి. పేరు లేకుండా వాట్సాప్‌లో గుసగుసలాడితే మీ న్యాయమైన మాట కూడా కుళ్ళు ఖాతాలోకే పోతుంది.

ఇంకో మాట. సాహిత్య సభలన్నీ సాయంత్రం ఆరున్నరకి మొదలెట్టి, తొమ్మిదింటి దాకా సాగదీసి, 'రచయిత్రులు రావడం లేదండీ' అని మైకులో వాపోతుంటారు. సభలకి రాలేక పరిచయాలు పెరగక వెనకబడిన ఆవిడ ఎప్పుడైనా విసుక్కుంటే, దాన్ని దయచేసి కుళ్ళు అనకండి.

నాకు 58 ఏళ్ళు. నా తర్వాత మొదలెట్టినవాళ్ళంతా ముందుకెళ్ళిపోయారు. ఇక నాకు రాదు కదా?

రాకపోవచ్చు.

శ్రీశ్రీ మహాప్రస్థానం గీతాలు చాలావరకు 1930ల్లో రాసినవి. పుస్తకంగా వచ్చింది 1950లో. గోపీచంద్ నవల పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామాకి 1963లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది, తెలుగు నవలకి అది రావడం అదే మొదలు. గోపీచంద్ 1962లోనే పోయారు. తెనాలి ఐతానగర్‌కి చెందిన కవి ఆలూరి బైరాగి 1978లో పోతే, ఆయన కవితా సంపుటి ఆగమగీతికి పురస్కారం 1984లో వచ్చింది. ఇవి ఓదార్పు కోసం చెప్పడం లేదు. పోయాక వచ్చిన పేరు పోయినవాడికి ఒక కాఫీ కూడా ఇప్పించదు. అకాడమీ క్యాలెండర్‌కీ మన ఆయుష్షుకీ పొంతన ఉండదని చెప్పడానికే ఈ తేదీలు. ఆ పురస్కారం భాషకి ఏడాదికి ఒక్క పుస్తకానికే ఇస్తారు. ఆ ఒక్కటీ పోను తెలుగులో మిగతా పుస్తకాలన్నీ అది లేకుండానే పాఠకుల చేతుల్లోకి వెళ్తున్నాయి.

58 ఏళ్ళకి నేనైతే వేరే లెక్క వేస్తాను. సొరుగులో సగంలో ఆగిన కథలు ఎన్ని, వాటిలో ఏవి పూర్తి చేయదగ్గవి? ఎవరూ వేయకపోతే సొంతంగా వేయడానికి ఇప్పుడు భయపడనక్కర్లేదు. డిజిటల్ ప్రింటింగ్ వచ్చాక యాభై కాపీలు కూడా వేయించుకోవచ్చు, అమ్ముడుపోతే మళ్ళీ యాభై. పుస్తకాన్ని గుర్తుపట్టే ఐఎస్‌బీఎన్ నంబరు ప్రభుత్వ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది. దానికి డబ్బు కట్టాలని ఎవరైనా అంటే అది వాళ్ళ సర్వీసు చార్జీ.

పేరొచ్చింది నా చిన్ననాటి స్నేహితుడికే. ముఖం చాటేస్తున్నాను. ఎలా?

అన్నిట్లోకీ కష్టమైన ప్రశ్న ఇదే. పరాయివాడైతే పేజీ తిప్పేస్తాం. వీడితో కలిసి పదో తరగతి చదివాం, ఒకే సైకిల్ మీద లైబ్రరీకి వెళ్ళాం, మొదటి కథ తిరిగొచ్చినప్పుడు ఇద్దరం కలిసే ఆ ఎడిటర్ని తిట్టుకున్నాం.

నాకు తెలిసినంతలో దీనికి ఉన్న మందు చెప్పేయడమే. ఉపన్యాసం వద్దు. "ఒరేయ్, నీకు వచ్చినందుకు సంతోషంగానే ఉందిరా. కానీ నాకు కాస్త కుళ్ళుగా కూడా ఉంది. అందుకే రెండు వారాలుగా ఫోన్ ఎత్తలేదు." అంతే. నిజమైన స్నేహితుడైతే నవ్వుతాడు, ఆ తర్వాత తన కష్టాలు ఏకరువు పెడతాడు. మీరు అనుకున్నంత సుఖంగా అతనూ లేడని తెలుస్తుంది. రెండో పుస్తకం రావడం లేదనో, అందరూ ముందుమాటలు అడుగుతున్నారనో అంటాడు. చెప్పకుండా దాచుకుంటే అది వేరే దారుల్లో బయటికొస్తుంది. అతని భాష మీద, కులం మీద, సంపాదన మీద, చివరికి వాళ్ళావిడ ఉద్యోగం మీద కూడా జోకులుగా.

చెప్పేంత చనువు లేకపోతే సభకి మాత్రం వెళ్ళి రండి. గుంటూరు నుంచి బెజవాడ ఎంత దూరమని! 'బస్సు దొరకలేదు' అన్న అబద్ధం ఈ రెండు ఊళ్ళ మధ్య ఎవరూ నమ్మరు.

నాకు పడని మనిషి పుస్తకానికి సమీక్ష రాయమని పత్రికవాళ్ళు పంపారు. రాయనా?

రాయకండి. వెనక్కి పంపేయండి. మీరు నిజాయితీగానే రాస్తారు, తెలుసు. కానీ తిడితే కుళ్ళుతో తిట్టానా అనీ, పొగిడితే కుళ్ళు దాచుకోవడానికి పొగిడానా అనీ మీకే అనుమానం వస్తుంది.

పుస్తక మహోత్సవానికి వెళ్ళాలంటే టెన్షన్. అందరి కొత్త పుస్తకాలూ అక్కడే ఉంటాయి.

జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్ళని రచయిత ఈ చుట్టుపక్కల ఉండడు. వచ్చినవాళ్ళలో సగంమంది ముందు తమ పుస్తకం ఏ స్టాల్లో పెట్టారో, ఎవరి పుస్తకం కింద పెట్టారో చూసుకుంటారు. స్వరాజ్ మైదానంలో అంబేడ్కర్ స్మృతివనం వచ్చాక వేదిక మారింది కానీ ఈ అలవాటు మారలేదు.

ఆదివారం సాయంత్రం వెళ్ళకండి, ఆవిష్కరణలూ సన్మానాలూ ఫొటోలూ అన్నీ అప్పుడే. మామూలు రోజు మధ్యాహ్నం, స్టాల్ కుర్రాడు కునికిపాట్లు పడే వేళకి వెళ్ళండి. అప్పుడు వచ్చేవాళ్ళు కొనడానికే వస్తారు. వాళ్ళని కాసేపు గమనించండి. చేతిలో ఒక కథల పుస్తకం ఉన్నవాడే రెండో కథల పుస్తకం దగ్గర ఆగుతాడు. ఒట్టి చేతులతో వచ్చినవాడు ఎక్కువగా వంటల పుస్తకమో, పోటీ పరీక్షల గైడో అడుగుతాడు. పుస్తకాలు కొనడం మిర్చి యార్డులో లాటు కొనడం లాంటిది కాదు, ఒకరు ఎత్తుకుపోతే రెండోవాళ్ళకి మిగలకపోవడానికి. మీరు ఓర్వలేని ఆయన పుస్తకం చదివి కథలంటే ఇష్టం పుట్టిన పాఠకుడే రేపు మీ స్టాల్‌కి వస్తాడు.

తిరిగి వచ్చేటప్పుడు లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల దగ్గర దిగండి. మొదటి పేజీలో 'సప్రేమగా' అని సంతకం ఉన్న పుస్తకాలు కనిపిస్తాయి. పెద్ద పెద్దవాళ్ళు పెద్ద పెద్దవాళ్ళకి ఇచ్చినవి. ఎవరివో నేను చెప్పను. మీకు పడనివాళ్ళది దొరికితే సంబరపడకండి, ఆ దొంతరలో కింద మీదీ ఉండొచ్చు.

ఇన్ని చెబుతున్నారు, మీకు లేదా?

లేకేం. నేను రాయాలనుకుని రాయలేని కథని ఇంకొకరు రాసి తెచ్చి, 'పేజీకి ఎంత తీసుకుంటారండీ' అని నన్నే అడుగుతారు. మంటతో కూర్చుని టైప్ చేస్తే తప్పులు ఎక్కువ పడతాయి, ఆ ప్రూఫులు దిద్దాల్సింది మళ్ళీ నేనే. అందుకని అలాంటి పుస్తకం వచ్చిన రోజు ముందు లెక్కల పుస్తకమో, పెళ్ళి శుభలేఖో ఏదైనా పూర్తి చేసి, తర్వాత అది తెరుస్తాను.

ఇది మామూలు కుళ్ళు దాటిపోయింది. నిద్ర పట్టడం లేదు, పెన్ను పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయి, ఎందుకు బతకాలి అనిపిస్తోంది.

అప్పుడు ఈ పేజీ చదవడం ఆపి మనిషితో మాట్లాడండి. టెలి మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416. రాత్రీ పగలూ పని చేస్తుంది, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉంటాయి, ఇంట్లో ఒకరిని తోడు తీసుకుని వెళ్ళండి. ఇలాంటి స్థితిలో తరచుగా అవార్డు అనేది పైకి కనిపించే సాకు మాత్రమే. లోపల ఉన్నది డిప్రెషన్ కావచ్చు, దానికి చికిత్స ఉంది. 'రచయితలన్నాక ఇంతే' అని సర్దిచెప్పేవాళ్ళ మాట వినకండి.

ఈసారి బహుమతి నాకే వచ్చింది. ఇప్పుడు గ్రూపులో నన్ను చూసి కుళ్ళుకుంటున్నారు. ఏం చేయాలి?

సంతోషించండి, బహుమతి కథ మీదే కదా. తర్వాత వివరాలు దాచకండి. ఎన్ని పోటీలకి పంపితే ఇది వచ్చిందో, కథ ఎన్నిసార్లు తిరగరాశారో, ఎవరు చదివి ఏం మార్చమన్నారో, పుస్తకానికి ఎంత ఖర్చయిందో అడిగినవాళ్ళకి చెప్పండి. మిమ్మల్ని చూసి ముఖం ముడుచుకున్న మనిషి దగ్గర మంచి కథ ఉందని మీకు తెలిస్తే, ఎడిటర్‌తో ఆ మాట అనండి. కొత్త పోటీ ప్రకటన కనిపించగానే వాళ్ళకి ఫార్వర్డ్ చేయండి. చివరి తేదీ అయిపోయాక కాదు.